పగటి నిద్రకు కాపలా

ఆ కిటికీ పరదా అంచు కుట్టినవాడెవడో గానీ వాణ్ణి మళ్ళీ జన్మలో మిషను దగ్గరికి రానివ్వకూడదు, అనుకుంది ఆమె. కుట్టు కాస్త దూరం తిన్నగా పోయి, అక్కడ తాగినవాడి నడకలా పక్కకి జరిగి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు గీత మీదికి వచ్చేసింది. ఇంత పెద్ద ఆసుపత్రి, నేలలో మొహం చూసుకోవచ్చు, లిఫ్టు తలుపులు చప్పుడు లేకుండా తెరుచుకుంటాయి, తీరా చూస్తే పరదా సంగతి ఇదీ. పైన పటారం లోన లొటారం. ఆ మాట అత్తయ్యతో అందామని పక్కకి తిరిగింది గానీ అత్తయ్య ఎదుటి తలుపునే చూస్తోంది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీని వేలికి చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతూ. ఆ తలుపు పైన ఎర్ర దీపం వెలుగుతోంది. లోపల బల్ల మీద ఈమె మొగుడు, ఆవిడ కొడుకు. ఎడమ భుజం ఎముక కింద చర్మం కోసి, అరచేతిలో పట్టే డబ్బా ఒకటి అక్కడ పెట్టి, దాని తీగని నరంలోంచి గుండెలోకి దింపుతున్నారు. గంటలో అయిపోతుందన్నారు. గంట అంటే లైనింగు లేని పరదాలు ఒక జత. లైనింగుంటే ఒకటే అవుతుంది, అదీ దారం తెగకుండా ఉంటే.

గుండె డాక్టర్లలో రెండు రకాలుంటారని ఆమెకి ఈ నెలలోనే తెలిసింది. పైపులు బాగుచేసేవాళ్ళు వేరు, కరెంటు పని చేసేవాళ్ళు వేరు. ఈయన రెండో రకం. అత్తయ్య మొదటి రోజు నుంచీ కరెంటు డాక్టరనే పిలుస్తోంది, ఆయన ఎదుటే పిలిచేసింది కూడా, పాపం ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. కుర్రవాడే. కోటు జేబు ఒక పక్క కుట్టు ఊడి వేలాడుతోంది, సూదీ దారం ఉంటే అక్కడే వేసి ఇచ్చేదాన్ననుకుంది ఆమె. జ్వరంతో డ్యూటీకి పోయి పేపరు అచ్చయ్యే మిషను పక్కనే పడిపోయాడు ఈమె మొగుడు. తిండి తినకుండా వచ్చాడేమోనని తోటివాళ్ళు మొహాన నీళ్ళు కొట్టి, కాఫీ తాగించి, అయినా రంగు తేలకపోతే ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఛాతీకి వైర్లు అంటించి తీసిన కాగితం పట్టుకుని కరెంటు డాక్టరు ఒక చోట వేలు పెట్టి చూపించాడు. ఆమెకి అది భుజం దగ్గర కుట్టు ముడత పడి పైకి లేచినట్టు కనిపించింది. గుండె కండ గట్టిగానే ఉందమ్మా, నాళాలు శుభ్రంగానే ఉన్నాయి, కరెంటు పోయే దారిలో ఒక గేటు మాత్రం పుట్టుకతోనే సరిగ్గా తెరుచుకోదు, మామూలుగా ఫర్వాలేదు, జ్వరం వచ్చినా, ఒళ్ళు మరిచి నిద్రపోయినా ఒక్కోసారి లెక్క తప్పి గుండె కొట్టుకోవడం మానేసి వణుకుతుంది, ఇది తండ్రి నుంచి వచ్చి ఉంటుంది, మీ మామగారు ఎలా పోయారు, అన్నాడు. నిద్రలో, అంది ఆమె. ఆయన అన్నదమ్ములో? తమ్ముడొక్కడే, ఆయనా నిద్రలోనే.

ఆ ఇంటి మగాళ్ళు నిద్రలో పోతారు, అది అందరికీ తెలిసిన సంగతే, దాచుకున్నదేమీ కాదు. పైగా దాన్ని చెప్పుకుని మురిసేవాళ్ళు. ఎంత పుణ్యం చేసుకున్నాడో, ఒకరిచేత చేయించుకోకుండా, మంచం పట్టకుండా, పడుకున్నవాడు పడుకున్నట్టే వెళ్ళిపోయాడు, అని వచ్చినవాళ్ళంతా మామయ్య గురించి అన్నారట. చావంటే అలా రావాలి, అని ఒక పెద్దాయన అత్తయ్య ఎదుటే అన్నాడట, అసూయగా. ముప్ఫై దాటి ఎంతో కాలం కాని మనిషి గురించి ఆ మాట! పిల్లలిద్దరూ గోడకి ఆనుకుని వింటున్నారట. పుణ్యమట, పుణ్యం. గేటు సరిగ్గా తెరుచుకోకపోతే దాని పేరు పుణ్యమా?

ఎర్ర దీపం అలాగే ఉంది. లోపల ఇప్పుడు ఏం చేస్తూంటారో. తీగ దింపి ఉంటారా, ఇంకా నరం వెతుకుతూనే ఉన్నారా. అన్నీ అమర్చాక ఒకసారి గుండెని మేమే కావాలని దారి తప్పిస్తాం, డబ్బా దాన్ని పట్టుకుని దెబ్బ కొట్టి దారిలో పెడుతుందో లేదో చూసుకోవాలి కదా, అప్పుడు మాత్రం పూర్తిగా నిద్రపుచ్చుతాం, అన్నాడు డాక్టరు. ఆ సంగతి అత్తయ్యకి ఎవరూ చెప్పలేదు. అంటే ఈ గంటలో ఏదో ఒక నిమిషం ఆయన గుండె ఆగుతుంది. అది ఇప్పుడే కావచ్చు. లేదా ఇందాక పరదా కుట్టు చూసి పళ్ళు నూరుకున్నప్పుడే అయిపోయిందేమో. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఊపిరికి ఇంత దూరంగా, మధ్యలో తలుపు పెట్టుకుని, ఆయన నిద్రపోతూండగా ఆమె కూర్చోవడం ఇదే మొదలు. చేతులు ఏం చేయాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుంది. కుడి కాలు మాత్రం ఉండుండి నేలని నొక్కుతోంది, అక్కడ పెడలు ఉన్నట్టు.

పెళ్ళయిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం. రాత్రి డ్యూటీ మనిషి కదా, తెల్లారి వచ్చి పడుకుంటాడు, మధ్యాహ్నం దాటాక గానీ లేవడు. ఆ ఇంట్లో పగటి నిద్ర అంటే అంత భయమూ భక్తీ. మామయ్యదీ రైలు షెడ్డులో రాత్రి డ్యూటీయే. పడుకున్న మనిషిని లేపావో నీ తల పగిలినట్టే, గిన్నె కింద పెట్టినా గుడ్డ మీద పెట్టాలి, పిలవాలంటే సైగ చేయాలి, అని వచ్చిన వారంలోనే అత్తయ్య నేర్పింది. ఆ మధ్యాహ్నం గదిలోంచి ఒక చప్పుడు వచ్చింది. గురక కాదు. గొంతులో నీళ్ళు తిరుగుతున్నట్టు, లోపలెవరో బరువు ఈడుస్తున్నట్టు ఒక మూలుగు. వంటింట్లోంచి అత్తయ్య, మంచి నిద్రలో ఉన్నాడు, వాళ్ళ నాన్నకీ అంతే, అలా మూలిగాడంటే ఒళ్ళు తెలియని నిద్రన్నమాట, అని గుసగుసగా అంది. ఈమెకి ఆ ఇంటి పద్ధతులు ఇంకా ఒంటపట్టలేదు. పుట్టింట్లో పడుకున్నవాళ్ళ మీద నుంచి దాటుకుంటూ పోయేవాళ్ళు, రేడియో మోగుతూనే ఉండేది. వెళ్ళి చూస్తే మొహం బూడిద రంగులో ఉంది, పెదవులు నల్లబడ్డాయి. భుజాలు పట్టుకుని బియ్యం బస్తాని కుదిపినట్టు కుదిపింది. కళ్ళు తెరిచాడు. ఒంటి నిండా చెమట.

"ఏం కొంప మునిగిందని లేపావే?" అన్నాడు, విసుగ్గా. అన్న తర్వాత గానీ తను ఊపిరి కోసం తన్నుకుంటున్నానని ఆయనకి తెలియలేదు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకుని కాదు, కోడలి చేతుల్ని చూస్తోంది. ఆ చూపు ఏమిటో ఆ పూట అర్థం కాలేదు. మర్నాడు పెరట్లో బట్టలు ఆరేస్తూ, తడి దుప్పటికి అవతలి పక్కన నిలబడి, మొహం కనపడకుండా చెప్పింది. చనిపోయిన రోజున మామయ్య జ్వరంతోనే డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడు. పిల్లలు ఆడుకుంటున్నారు. లోపలి నుంచి మూలుగు వినిపించింది. నాన్న పడుకున్నాడు, నోరు మూసుకోండర్రా, అని పిల్లల్ని కసిరి, ఆయన నిద్ర చెడకూడదని తలుపు దగ్గరికి వేసింది. కాసేపటికి మూలుగు ఆగింది. హమ్మయ్య, సర్దుకుని పడుకున్నాడు, అనుకుంది. అన్నం వండి, పిల్లలకి పెట్టి, ఆయనకి వేరే గిన్నెలో తీసి మూతపెట్టి, అప్పుడు వెళ్ళి తలుపు తీసింది. "నువ్వు లేపావమ్మాయ్. నేను లేపలేదు. నేనే తలుపేశాను." అంతే. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అయితే ఆ ఇంట్లో తలుపులు మూయడం మానేసింది. చలికాలమైనా, వానైనా తెరిచే ఉంటాయి, దోమలు కుడితే కుట్టనీ.

ఆ వారమే కుట్టు మిషను పడకగదిలోకి వచ్చింది. అత్తయ్యే ఒక కాలు పట్టుకుని మోసింది. అప్పటి నుంచి ఆయన నిద్రపోవడం, ఆమె కుట్టడం. పరదాలు, దిండు గలీబులు, బడి పిల్లల యూనిఫారాలు. మిషను చప్పుడుకి ఆయన అలవాటుపడిపోయాడు, ఆగితేనే కదులుతాడు. ఆమె చెవి ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు వినడం నేర్చుకుంది. ఊపిరి చివర చిన్న గరగర మొదలైతే చాలు, పాదం పెడలు మీంచి లేస్తుంది, సూది గుడ్డలోనే ఉండిపోతుంది, ఒక్క అంగలో మంచం దగ్గర ఉంటుంది. ఒక్కోసారి నెలల తరబడి ఏమీ ఉండదు. ఒక్కోసారి వారంలో రెండుసార్లు. సెలవు రోజున రాత్రి నిద్రకీ ఆమే కాపలా. యూనిఫారాల ఫ్యాక్టరీలో కటింగు చూసుకోమని పిలిచారు, మంచి ఉద్యోగం, పోలేదు. సొంత తమ్ముడి పెళ్ళికి ముహూర్తం వేళకి వెళ్ళి భోజనాల వేళకి వచ్చేసింది. డాక్టరుకి చూపించుకోమంటే ఆయన, నువ్వుండగా నాకేంటే, అనేవాడు. ఒకసారి వెళ్ళి చూపించుకుంటే అన్నీ బాగున్నాయన్నారు, నిజమే, కాగితం మీద ఆ వంకర ఒక్కోసారి కనిపిస్తుందట, ఒక్కోసారి కనిపించదట.

ఇదంతా బరువుగా ఉండేదా అంటే, అబద్ధం ఎందుకు, ఉండేది కాదు. ఆమెకి అది నచ్చింది. నా కొడుక్కి ఊపిరి పోసేది నా కోడలే, అని అత్తయ్య చుట్టాలందరికీ చెప్పేది. వంటింటి పని ఏదీ ముట్టనిచ్చేది కాదు, కంచం గదిలోకే వచ్చేది, నోటి దురుసుతో పేరు పడ్డ ఆడపడుచు కూడా ఈమె దగ్గర వదినా వదినా అని పిల్లిలా ఉండేది. అత్తాకోడళ్ళు ఇలా ఉండటం ఎక్కడైనా చూశామా, అని వీధి వీధంతా అనుకునేది. దేవతని చూసినట్టు చూస్తే ఎవరికి మాత్రం చేదు? ఆయన నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్న ప్రతిరోజూ, ఇవాళ కూడా నేనే, అనుకునేది ఆమె, ఎవరితోనూ అనకుండా.

నిన్న ఆ మాటే డాక్టరుతో అంది. డాక్టరు గదిలో ఆమె ఒక్కతే ఉంది, అత్తయ్య మందుల దుకాణం దగ్గర వరసలో నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ నేను లేపుతూ కాపాడుకుంటూ వచ్చాను డాక్టరుగారూ, అంది, మెచ్చుకుంటాడనే అనుకుని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మెత్తగానే చెప్పాడు. "మీరు లేపడం వల్ల ఆ వణుకు ఆగలేదమ్మా. అది దానంతటదే ఆగింది. ఆగింది కాబట్టే మీరు లేపితే లేచారు. ఆగనిది వస్తే ఎంత కుదిపినా లాభం లేదు, కరెంటు దెబ్బ ఒక్కటే దానికి మందు. మీ అదృష్టం, అలాంటిది ఇన్నాళ్ళూ రాలేదు." ఆమె సరేనండి అంది. ఇంకేమంటుంది! మా మామగారిని లేపి ఉంటే, అని అడిగింది, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ రోజుల్లో కరెంటు దెబ్బ కొట్టే మిషను దగ్గర్లో ఎక్కడా ఉండి ఉండదమ్మా, లేపినా లేవరు, అన్నాడు.

నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందట వెనకటికి ఒక ముసలమ్మ. వరండాలోకి వచ్చాక అదే గుర్తొచ్చి ఆమెకి నవ్వొచ్చింది, నిజంగా నవ్వొచ్చింది, పక్కన పోతున్న నర్సు తిరిగి చూసింది కూడా. తెల్లారుతూనే ఉంది, ఈవిడ కోడి కూస్తూనే ఉంది. నవ్వు అయిపోయాక కోపం వచ్చింది, ఆ జేబు ఊడిన కుర్రాడి మీద. నీకేం తెలుసు, నువ్వు ఆ మొహం రంగు చూశావా, అని. తర్వాత కోపం కూడా పోయి, పని తీసేసిన రోజున ఖాళీ చేతులతో ఇంటికి నడిచేవాడిలా అయింది. మందులు తీసుకుని అత్తయ్య ఎదురొచ్చింది. ఏమన్నాడు కరెంటు డాక్టరు, అంది. రేపు చేసేద్దామన్నాడు, అంది ఆమె. అంతవరకే చెప్పింది.

చెబితే ఆ ముసలి ప్రాణం మీంచి ఆ తలుపు దిగిపోతుంది. అది నిన్నటి నుంచీ తెలుసు. చెబితే ఈమె మామూలు కోడలవుతుంది, అదీ తెలుసు. అంట్లు తోమే కోడలు, పప్పులో ఉప్పు ఎక్కువైతే మాట పడే కోడలు. రాత్రంతా ఈ రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసింది, గుడ్డని ఎటు మడిస్తే తక్కువ వృథా అవుతుందో చూసినట్టు. ఎవరికి నష్టం, చెప్పకపోతే? డబ్బా ఎలాగూ పెడుతున్నారు. ఆవిడ ఇన్నేళ్ళు మోసింది, ఇంకొన్నేళ్ళు మోస్తుంది. ఛీ, అనుకుంది వెంటనే. ఆ ఛీ కూడా ఎంతోసేపు నిలవలేదు.

అత్తయ్య సంచి పట్టీ వదిలి గొంతు సవరించుకుంది. "బుల్లిదాని రక్తం తీసుకెళ్ళారు కదా, అందులో ఏమొస్తుందంటావ్?"

బుల్లిది వీళ్ళ కూతురు. సన్నగా రివటలా ఉంటుంది, నాన్న పోలికే, పడుకుంటే లోకం మునిగినా లేవదు.

"వస్తే వస్తుంది, రాకపోతే రాదు. సగానికి సగం అన్నాడు."

"వచ్చినా ఏం భయం లేదులే," అంది అత్తయ్య. "దాని ఒంట్లో మాత్రం ఈ ఇనప డబ్బాలు పెట్టనివ్వను. పెళ్ళి కావలసిన పిల్ల. నువ్వున్నావు, ఎలా లేపాలో నాకూ నేర్పు, ఇద్దరం చూసుకుందాం. రేపు కట్టుకున్నవాడికీ నేర్పుదాం. అసలు వీడికి మాత్రం ఎందుకు, నువ్వు లేవూ? నా మాట ఎవరు విన్నారు!"

ఎర్ర దీపం వైపు చూస్తూ ఆమె ఆ మాటలన్నీ విన్నది. కట్టుకున్నవాడు. ఎవడో ఒక అమాయకుడు, మంచం పక్కన కుర్చీ వేసుకుని, చేయి భుజం మీద పెట్టుకుని, నేర్చుకున్న విద్య మీద నమ్మకంతో కుదుపుతూ కూర్చుంటాడు. కుదుపుతూనే ఉంటాడు. బుల్లిది లేవదు. ఇన్నాళ్ళ పెద్దరికం, గదిలోకి వచ్చే కంచం, అన్నీ ఒక్కసారిగా రోత పుట్టాయి.

"అత్తయ్యా, లేపితే ఆగదట," అంది.

"ఏమిటీ?"

"నేను లేపడం వల్ల ఎప్పుడూ ఆగలేదట. దానంతటదే ఆగిందట. ఆగిపోయాక లేపాను కాబట్టి లేచారట. ఆగనిది వస్తే నేనున్నా ఒకటే, గోడ ఉన్నా ఒకటే. నిన్ననే చెప్పాడు."

"ఎవడు చెప్పాడు?"

"కరెంటు డాక్టరు."

"వాడి మొహం! నా కళ్ళారా చూశాను. నువ్వు ఊపావు, వాడు లేచాడు. నేను చూళ్ళేదా?" అత్తయ్య గొంతు లేచింది, అవతలి వరస కుర్చీల్లో నిద్రపోతున్న ఒకాయన కళ్ళు తెరిచాడు. "చదువుకున్నోళ్ళకి నోటికొచ్చింది అనడమే!"

"మామయ్యని లేపినా లేచేవారు కాదట," అంది ఆమె. "అడిగాను. తలుపు వేసినా, తీసినా అంతేనట."

లిఫ్టు వచ్చింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. సంచి ఒళ్ళోంచి జారి నేల మీద పడితే అత్తయ్య దాన్ని తీసుకోలేదు. ఆమె వంగి తీసి పక్కన పెట్టింది. ఆవిడ ఏడుస్తుందేమో అనుకుంది, లేదా చేతులు పట్టుకుంటుందేమో. మనసులో ఎక్కడో అది చూడాలని కూడా ఉంది, అంత ఇచ్చాక ఆ మాత్రం చూడొద్దూ? అత్తయ్య ఏడవలేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదులుతున్నాయి, అంతే.

ఎర్ర దీపం ఎప్పుడు ఆరిందో ఇద్దరూ చూడలేదు. తలుపు తెరుచుకుని డాక్టరు బయటికి వచ్చాడు, తల మీద పచ్చ టోపీతో ఇంకా చిన్నపిల్లాడిలా ఉన్నాడు. "అయిపోయిందమ్మా. దారి తప్పించి చూశాం, ఒక్క దెబ్బకే సర్దుకుంది. మత్తులో ఉన్నారు. వెళ్ళి చూడండి, మాట్లాడించకండి." ఆమె లేచి నిలబడింది. దండం పెట్టింది. ఆయన వెళ్ళిపోయాడు. అత్తయ్య లేవలేదు. కూర్చున్న చోటు నుంచే ఈమె మణికట్టు పట్టుకుంది, గట్టిగా, గాజు నొక్కుకునేంత గట్టిగా.

"అయితే ఆ రోజు నువ్వు మీ అమ్మ దగ్గర ఉండిపోవాల్సింది కదే," అంది. "నేనే కదా ఫోన్ చేసి రప్పించాను. తెల్లారితే వాడు డ్యూటీ నుంచి వచ్చేస్తాడు, వచ్చెయ్యమ్మాయ్, అని నేనే కదా."

ఆ రోజు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు, ఆమె తనలో తను కూడా మాట్లాడుకోదు. ఆఖరి రోజుల్లో ఉన్న అమ్మ దగ్గర నుంచి సాయంత్రం బస్సెక్కింది. దిగేసరికి అక్క దగ్గర నుంచి ఫోను, అమ్మ పోయిందని. వెనక్కి వెళ్ళే బస్సు మర్నాటి సాయంత్రం దాకా లేదు. పొద్దున డ్యూటీ నుంచి వచ్చి ఆయన చిన్న మూలుగైనా లేకుండా, పసిపిల్లాడిలా మధ్యాహ్నం దాకా నిద్రపోయాడు. ఆమె పక్కన కూర్చుని ఎవరివో దిండు గలీబులు కుట్టింది.

"అమ్మకి అప్పటికే తెలివి లేదత్తయ్యా," అంది ఆమె. "పక్కన ఎవరున్నారో కూడా తెలియదు. నేను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

అమ్మకి తెలివి ఉంది. సంచి సర్దుకుంటూంటే చూస్తూనే ఉంది, చెంగు పట్టుకుని, ఈ ఒక్క పూట ఉండవే, అని అడిగింది. ఆమె చెంగు విడిపించుకుని వచ్చింది.

అత్తయ్య తలెత్తి ఆమె మొహంలో వెతుకుతోంది. పెద్దావిడ కదా, కనిపెట్టేస్తుందేమో, అనుకుని ఆమె చూపు తిప్పకుండా నిలబడింది.

"నిజంగా తెలివి లేదా? నా మీద ఒట్టు?"

"మీ మీద ఒట్టు," అంది ఆమె. "లేవండి, ఆయన్ని చూద్దాం."